మేము, మనము



శనివారం సాయంత్రం మందిరంలో ఇంగ్లీషు తరగతి ఎందుకని కొందరు పెద్దలు అడుగుతున్నారు. "అయ్యగారూ, వాక్యం చెప్పేవాళ్ళకు ఈ ఏబీసీడీలు ఎందుకు?" అన్న మాటలో ప్రేమే ఉంది గనుక జవాబు కూడా ప్రేమతోనే రాస్తున్నాము.

న్యాయాధిపతుల గ్రంథము 12వ అధ్యాయం మీకు తెలిసినదే. యొర్దాను రేవుల దగ్గర గిలాదువారు నిలబడి, దాటబోయినవారిచేత ఒక్క మాట పలికించారు. "షిబ్బోలెతు" అనలేక "సిబ్బోలెతు" అన్నవాడు అక్కడే చచ్చాడు. ఆ కాలమున ఎఫ్రాయిమీయులు 42,000 మంది కూలిపోయారు.

నేడు ఆ రేవు ఇంటర్వ్యూ గదిలో ఉంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల తయారీ మొదలైనప్పటి నుంచి మన పిల్లల చూపు పొలం మీద నుంచి ఫ్యాక్టరీల మీదికి, బెంగళూరు రైలు మీదికి మళ్ళింది. డిప్లొమా చదివిన ఒక తమ్ముడు మన సంఘంలో ఉన్నాడు. ఏ యంత్రమైనా విప్పి బిగించగలడు. బెంగళూరులో ఒకచోట "నీ గురించి చెప్పు" అని ఇంగ్లీషులో అడిగితే నోరు పెగలక తిరిగి వచ్చాడు. ఆ తరువాత మూడు వారాలు ఆరాధనకు రాలేదు. చేతిలో పని ఉండీ తాను పనికిరానివాడనుకున్నాడు. కాపరి కట్టు కట్టవలసిన గాయమే ఇది.

మాది తెలుగు మీడియం చదువు. సెమినరీలో వ్యాఖ్యాన గ్రంథాలను నిఘంటువు పక్కన పెట్టుకొని చదివినవాళ్ళము. భాష రావడం ఒకటి, నేర్పడం వేరొకటి. అందుకని ఇంగ్లీషును పరాయి భాషగా ఎలా నేర్పాలో పుస్తకాలు తెచ్చుకొని ముందు మేమే విద్యార్థులమయ్యాము.

అక్కడ మొదట మన తెలుగే మాకు కొత్తగా కనిపించింది. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే బస్ మన నోట బస్సు, బుక్ బుక్కు అవుతుంది. మన క్రియ వాక్యం చివర కూర్చుంటే, ఇంగ్లీషులో నడిమికి వస్తుంది. 'ఎ', 'ది' లాంటి చిన్న మాటలు మనకు లేనే లేవు. పిల్లవాడు తడబడితే వాడి బుర్రలో లోపం లేదు. తల్లి భాష వాడి నాలుకకు వేసిన దారి అది. ఈ సంగతి తెలిసిన అయ్యవారు బెత్తం తీయడు.

రెండవ పాఠం మన పొరుగునే దొరికింది. ఎన్.ఎస్. ప్రభు అనే విద్వాంసుడు 1979 నుంచి 1984 వరకు దక్షిణాది పాఠశాలల్లో ఒక ప్రయత్నం నడిపారు. దానికి బెంగళూరు ప్రాజెక్టు అని పేరు పడింది. వ్యాకరణం బట్టీ పెట్టించకుండా, రైలు టైంటేబుల్, పటం లాంటివి చూపి, ఆలోచించి తేల్చవలసిన పనులు ఇచ్చారు. మొదట అయ్యవారు అందరితో కలిసి ఒకటి చేస్తాడు. తరువాత అలాంటిదే ఎవరికి వారు చేస్తారు. మనసు అర్థం మీద ఉంటే భాష దానంతట అది ఒంటబడుతుందని ఆయన ఆలోచన.

ఇది చదివితే మాకు హిందూపురం చింతపండు మార్కెట్టు గుర్తొచ్చింది. అక్కడ తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ మాట్లాడే హమాలీలు ఉన్నారు. వాళ్ళకు ఎవరు నేర్పారు? బేరం నేర్పింది. తప్పు పలికినా ఎవరూ నవ్వకపోవడం నేర్పింది.

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ఒకే రైలు దారిలో ఉన్నాయి గనుక మా మొదటి పాఠం రైలే. "ధర్మవరం అక్క పది గంటలకల్లా హిందూపురం ఆసుపత్రిలో ఉండాలి. ఏ బండి ఎక్కాలి?" జవాబు ఇంగ్లీషులో చెప్పాలి. మగ్గం నేసే అక్కకు వేరే పని. చీర అంచు రంగు, ధర, ఎన్నాళ్ళకు పంపగలదో దూరపు కొనుగోలుదారుకు చెప్పాలి. అంతా చెప్పగలిగిన రోజు ఆమె, "అయ్యగారూ, నడిమి మనిషి లేకుండా నేనే మాట్లాడినట్టుంది" అంది.

ఆ తమ్ముడు వచ్చి వెనక కూర్చునేవాడు. మాట్లాడమని బలవంతం చేయలేదు. తొమ్మిదో వారం ఒక చెల్లెలు బండి సమయం తప్పు చెబితే, వెనక నుంచి ఇంగ్లీషులో సరిదిద్దాడు. సరిగ్గా ఐదు మాటలు. అర్థమయ్యే ఐదు మాటల విలువ గురించి పౌలు కొరింథీయులకు రాసిన సంగతి మాకు గుర్తొచ్చింది. ఉద్యోగం ఇంకా రాలేదు. ఆదివారం మాత్రం వస్తున్నాడు.

ఒక పాప అడిగింది: "మేము అంటే ఇంగ్లీషులో ఏమి, మనము అంటే ఏమి?" రెండింటికీ 'వుయ్' ఒక్కటేనని చెప్పాము. తెలుగులో 'మేము' అంటే వినేవాడు బయట ఉంటాడు, 'మనము' అంటే లోపలికి వస్తాడు. ఇంగ్లీషు వచ్చిన మేము, రాని మీరు అనే గోడ మన ఊళ్ళలో లేస్తోంది. పెంతెకొస్తు దినమున ఆత్మ ఎవరినీ పరాయి భాష నేర్చుకొని రమ్మనలేదు. ఎవరి భాషలో వారికి వినిపించాడు. కనుక ఇంగ్లీషు గొప్పదని మేము నేర్పడం లేదు. రేవు దగ్గర ఎవరూ కూలిపోకూడదని నేర్పుతున్నాము.

ప్రియులారా, ఈ వారం మీ ఇంట్లో ఎవరైనా ఒక మాట తడబడి పలికితే నవ్వకండి. పూర్తిగా చెప్పేదాకా ఆగండి.

ప్రభువా, నత్తివాడనని వెనుదీసిన మోషేకు తోడున్నవాడవు నీవే. మా పిల్లల నోటికి తోడుగా ఉండుము. మా 'మేము'ను 'మనము'గా మార్చుము. ఆమేన్.