కెమెరా ఎవరి సైకిలెక్కింది?

(పేటలో సినిమా – 9)

తెలుగులో కారు ఛేజింగ్ అనగానే మా తరానికి గుర్తొచ్చేది రెండు కార్ల పందెం కాదు. ఒక కారు, ఒక సైకిలు. సైకిలు మీద కాలేజీ కుర్రాడు, అతని ముందు అన్న కూతురు. వెనక కారులో రౌడీలు. 1989 అక్టోబర్ 5న వచ్చిన 'శివ'. రామ్‌గోపాల్ వర్మ మొదటి సినిమా. నాగార్జున హీరో, ఎస్. గోపాలరెడ్డి కెమెరా, ఇళయరాజా సంగీతం. సైకిలు చైను లాగిన సీను మీద రాయనివాళ్లు లేరు. నేను ఆ ఛేజింగ్ గురించే రాస్తాను. ఎందుకంటే నా లెక్కలో అది పేట సీను.

నేను దాన్ని థియేటర్లో చూడలేదు. 2000 ప్రాంతంలో, రాజోలు వైపు మా పేటలో, క్రిస్మస్ రాత్రి ప్రార్థన అయ్యాక చూశాను. తలా కొంత వేసుకుని కలర్ టీవీ, వీసీడీ ప్లేయరు అద్దెకి తెచ్చి చర్చి ముందు బల్ల మీద పెట్టారు. డిస్కు ఆగిపోయినప్పుడల్లా ఎవరో ఒకరు లుంగీ అంచుతో తుడిచి మళ్లీ పెట్టేవారు. ఛేజింగ్ మొదలవగానే కుర్రాళ్లంతా "తొక్కు, తొక్కు" అని అరిచారు. మా మామ్మ మాత్రం చాప మీద లేచి కూర్చుని, "సేలోకి దిగకురా బాబూ, రోడ్డు మీదే పో" అంది.

సినిమాలో చేలెక్కడివి? అది సిటీ. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

పీహెచ్‌డీకి దళిత సాహిత్యం చదువుతున్నప్పుడు ఆ మాట మళ్లీ ఎదురొచ్చింది. 1985 జూలై 17, కారంచేడు. 6 మందిని చంపారు. పొలాల్లోకి తరిమి మరీ నరికారు. 1991 ఆగస్టు 6, చుండూరు. 8 మంది. అక్కడ గొడవ మొదలైంది సినిమా హాల్లోనే. ఒక దళిత కుర్రాడి కాలు ముందు సీట్లోని ఆధిపత్య కులపు కుర్రాడికి తగిలింది. అంతే. ఆ తర్వాత సాంఘిక బహిష్కరణ. ఆ తర్వాత దాడి. ఊరి మీదికి వస్తున్నారు, పారిపొమ్మని పోలీసులు చెబితే మనవాళ్లు చేలకడ్డం పడి పరిగెత్తారు. చేలల్లోనే దొరికారు. శవాలని గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రైనులో పడేశారు.

మామ్మకి చదువు రాదు. పేపరు చదివింది లేదు. కానీ ఏ ఊళ్లో మనవాళ్లని ఎటు తరిమారో చుట్టరికాల వెంబడి, చర్చి కూటాల వెంబడి పేట పేటకీ చేరేది. అందుకే ఆవిడ ఆ సీను ఛేజింగ్‌లా చూడలేదు. దారి చెప్పింది.

'శివ'ని నేను మళ్లీ చూసింది 2022 మేలో. కోనసీమ జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టొద్దని మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. బస్సులు కాల్చారు. జిల్లాలో ఇంటర్నెట్ ఆపేశారు. ఫోన్లు మూగబోయాయి. బీరువా పైనున్న పాత డీవీడీ ప్లేయరు దించి, అట్టపెట్టెలో వెతికితే 'శివ' దొరికింది. డిస్కులో ఉన్న సుఖం ఏంటంటే సీను మన చేతిలో ఉంటుంది. ఆపొచ్చు, వెనక్కి తిప్పొచ్చు. ఆ ఒక్క సీనునే ఆపి ఆపి చూశాను.

అప్పుడు తెలిసింది, ఆ సీను బలం వేగంలో లేదు. పక్షంలో ఉంది. మన ప్రాణమంతా సైకిలు మీదే ఉంటుంది. పిల్ల జారుతుందేమో, పెడల్ తప్పుతుందేమో అని గుండె కొట్టుకుంటుంది. కారులో ఉన్నవాళ్లకి ఏమవుతుందోనన్న బెంగ ఒక్కడికీ ఉండదు. ఇంకో సంగతి. అంతకుముందు ఆ రౌడీల మీద చెయ్యి చేసుకున్నది శివే. అయినా "నువ్వేం చేశావని వాళ్లు తరుముతున్నారు?" అని ఏ ప్రేక్షకుడూ అడగడు.

మనల్ని తరిమినప్పుడు మొదట అడిగేది ఆ ప్రశ్నే. కాలెందుకు తగిలింది? ఆ వీధిలోకి ఎందుకెళ్లాడు? ఆ పేరే ఎందుకు పెట్టమన్నారు? మనల్ని తరిమేటప్పుడు కెమెరా సైకిలు దిగిపోతుంది. దూరంగా మేడెక్కి నిలబడి "రెండు వర్గాల మధ్య ఘర్షణ" అని రాస్తుంది. పరిగెత్తేవాడూ తరిమేవాడూ ఆ మాటలో ఒకటైపోతారు. దృష్టికోణం అని క్లాసులో మేం పాఠం చెబుతామే, అది పరీక్షలో 5 మార్కుల ప్రశ్న కాదు. ప్రాణం సంగతి.

స్పీల్‌బర్గ్ 1971లో 'డ్యూయల్' తీశాడు. ఒంటరిగా కారులో పోతున్నవాడిని పెద్ద ట్యాంకర్ లారీ సినిమా అంతా వెంటాడుతుంది. లారీ నడిపేవాడి మొహం చూపించరు. కారణం చెప్పరు. అందులో భయమంతా అదే అంటారు. మన భయం దానికి తిరగేసి ఉంటుంది. తరిమేవాళ్ల మొహాలు మనకి తెలుసు. వాళ్ల నాన్నలు తెలుసు. మర్నాడు కూలికెళ్లేది వాళ్ల చేలోకే.

'శివ'కి ఇంకో వెసులుబాటు ఉంది. అతనికి కులం లేదు. సినిమా అంతా వెతికినా చెప్పరు. అందుకే అతను సైకిలు మీద ఏ వీధిలోంచైనా దూసుకుపోగలడు. మా తాత పెద్ద వీధి మొదట్లోనే సైకిలు దిగి, చివరిదాకా నడిపించుకుంటూ వెళ్లి, కాలవ గట్టు మీద మళ్లీ ఎక్కేవాడు. శివ వెనక్కి తిరిగి చైను లాగితే హీరో. పేట కుర్రాడు లాగితే స్టేషన్లో ఫోటో.

సరే, చట్టం సంగతేంటి? ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 సెప్టెంబర్ 11న వచ్చింది. 'శివ' విడుదలకి నెల కూడా లేదు. చట్టం ఒక్కసారి కెమెరాని సైకిలెక్కించింది. మన కాట్రేనికోన దగ్గర కందికుప్పలో పుట్టిన బొజ్జా తారకం గారు కారంచేడు తర్వాత హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు ఉద్యోగం వదిలి బాధితుల వైపు నిలబడ్డారు. చుండూరు కేసుకి ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోగలిగారు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. కెమెరా మళ్లీ దిగిపోయింది.

2025 నవంబర్‌లో 'శివ' 4కేలో మళ్లీ విడుదలైంది. అప్పుడు వర్మ, ఆ సైకిలు మీద కూర్చున్న చిన్నపిల్లకి బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. అంత ప్రమాదకరమైన సీన్లలో కూర్చోబెట్టినందుకు. 36 ఏళ్ల తర్వాతైనా చెప్పడం మంచిదే. అది ఉత్తుత్తి ఛేజింగ్. వెనకాలున్నవాళ్లు నటులు. అందులో కూడా పిల్ల భయపడిందని, ఆ భయానికి ఎవరో ఒకరు బదులు చెప్పాలని ఒప్పుకున్నారు. చుండూరు పిల్లలకి ఎవరు చెప్పారు? చేలల్లోంచి తిరిగిరాని నాన్నల కోసం ఎదురుచూసిన పిల్లలు ఇప్పుడు నా వయసువాళ్లు.

విద్యార్థి మిత్రులారా, సినిమా చూడొద్దని నేననను. 'శివ' మళ్లీ చూడండి. నాకిప్పటికీ ఇష్టమే. చూస్తూ కెమెరా ఎవరి పక్కనుందో కనిపెట్టండి. ఆ కన్నుతోనే మర్నాటి పేపరు చదవండి. తర్వాత మీ పేటలో 70 దాటిన ఒకరి దగ్గర కూర్చోండి. వాళ్లని ఎప్పుడు తరిమారు, ఏ గట్టు మీద పరిగెత్తారు, ఎవరి చేలో దాక్కున్నారు, ఎవరు తలుపు తీశారు, ఎవరు వేశారు, అన్నీ అడిగి వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ఫోనుంటే రికార్డు చేయండి. మన వైపు నుంచి తీసిన సీను ఇంకా చాలా తక్కువ ఉంది. తీసేవాళ్లు మీరే.

జై భీమ్.