వాన ఆపని షికారు

సాయంకాలం కాగానే ఇటలీవాళ్ళు, పని ఉన్నా లేకపోయినా, వీధిలోకి వస్తారు. ఈ షికారును వాళ్ళు "పస్సెజాతా" అంటారు. బొలోన్యా నగరంలో నేనూ వాళ్ళతో కలిసి నడిచాను. తాతలూ, మనమలూ, చిన్న బళ్ళలో పసిపాపలూ - వీధి నిండా జనమే!

అక్కడి పాత బజారు పేరు క్వాద్రిలాతెరో. ఒక కొట్లో బండిచక్రాలలాగా పార్మిజానో చీజు దిమ్మెలు పేర్చి ఉన్నాయి. ఒక్కొక్కటి సుమారు 40 కిలోలు. దానికి 500 లీటర్లకు పైగా పాలు పడతాయి. కనీసం ఏడాది మాగనిదే అమ్మరు. నేను ఒక చిన్న ముక్క కొనుక్కున్నాను. పక్క కొట్లో ఒకామె కోడిగుడ్లు కలిపిన పిండిని పలచగా వత్తి, రిబ్బన్లలాగా కోస్తున్నది. దాన్ని తాల్యతెల్లె అంటారు.

ఇంతలో వాన వచ్చింది. అయినా షికారు ఆగలేదు! వీధి పొడుగునా ఇళ్ళ ముందు స్తంభాల వసారాలున్నాయి గదా! కొత్తగా ఇల్లు కట్టేవారంతా ముందు వసారా వెయ్యాలని 1288లోనే ఆ నగరంవారు శాసనం చేశారు. స్థలం ఇంటివారిది, నడక అందరిదీ. ఇప్పుడు ఆ వసారాలన్నీ కలిపితే సుమారు 62 కిలోమీటర్లు. 2021లో యునెస్కో వాటిలో కొన్నిటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

చీజుకు డబ్బిచ్చాను. తడవకుండా గంటసేపు నడిచినందుకు మాత్రం నన్నెవరూ దమ్మిడీ అడగలేదు.