మూడు సిస్టమ్‌లు, 3,299 రూపాయలు

భీమడోలు జంక్షన్‌లో జిరాక్స్, నెట్ షాపు పెట్టుకుని, తీరిక దొరికినప్పుడు చేపల చెరువుల రైతులకు టాలీలో లెక్కలు రాసిపెట్టే ఒకాయన సంగతి ఇది. షాపులో రెండు సిస్టమ్‌లు, ఇంట్లో పిల్లల చదువుకి ఒక ల్యాప్‌టాప్. మూడింటికీ కలిపి కిందటేడు 1,499 రూపాయలకు యాంటీవైరస్ వేయించాడు. గడువు దగ్గరపడేసరికి స్క్రీను మూల ఎర్ర డబ్బా లేవడం మొదలైంది. రెన్యూవల్ 3,299, తొందరపడండి అని. షాపు లెక్కలు చూసే ఇంటావిడ అడిగిన మొదటి ప్రశ్నకు వైరస్‌తో సంబంధం లేదు. "సరుకు అదే కదండీ, ఏడాది తిరిగేసరికి రెట్టింపు ఎలా అయింది?"

మొదటేడు ధర కొత్తవాళ్లని రాబట్టుకోవడానికి పెట్టేది. రెండో ఏడు నుంచి వసూలు చేసేదే అసలు ధర. ఈ వ్యాపారంలో చాలా కంపెనీలకు ఇదే పద్ధతి. ఎర్ర డబ్బా మీద నొక్కి కట్టేవాడు ఎక్కువ కడతాడు, ఏలూరు వెళ్లి కంప్యూటర్ షాపులో కొత్త కీ అడిగేవాడు తక్కువ కడతాడు. కార్డు వివరాలిచ్చి ఆటో రెన్యూవల్‌కి ఒప్పుకున్నవాడు అసలు గమనించనే గమనించడు. 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఇలాంటి వాయిదా కోతకు కనీసం 24 గంటల ముందు బ్యాంకు మెసేజీ పంపాలి. కానీ మొత్తం 15 వేల లోపు అయితే ఓటీపీ అడగరు. ఆ మెసేజీ ఆఫర్ల మెసేజీల మధ్య పడిపోతే డబ్బు వెళ్లిన తర్వాతే తెలుస్తుంది. మన షాపాయన ముందుగా చేసిన పని బ్యాంకు యాప్‌లోకి వెళ్లి ఆ ఆటో రెన్యూవల్ మ్యాండేటు రద్దు చేయడం. వేయించాలా మానాలా అన్నది తర్వాత తీరిగ్గా తేల్చుకోవచ్చు.

తాడేపల్లిగూడెం నిట్‌లో చదువుతున్న ఎదురింటి కుర్రాడు ప్రింట్లకి వచ్చి ఈ గొడవ విన్నాడు. "డబ్బులు దండగ బాబాయ్. విండోస్‌లోనే ఉందండి, డిఫెండరు. ఊరికినే వస్తుంది."

ఏలూరు షాపతను మాత్రం ఫోన్‌లో ఇంకో మాట చెప్పాడు. "ఎందుకైనా మంచిదండి, వేయించేయండి. పోతే పోయింది ఆరేడు వందలే కదా."

ఈ ‘ఎందుకైనా మంచిది’ మీదే సగం వ్యాపారం నడుస్తుంది. అలాగని యాంటీవైరస్ కంపెనీలన్నీ భయం అమ్ముకుని బతికాయనడమూ అన్యాయమే. క్విక్ హీల్ కథ పుణేలో ఒక రిపేరు కొట్టులో మొదలైంది. కైలాశ్ కాట్కర్ కాల్‌క్యులేటర్లు, తర్వాత కంప్యూటర్లు బాగుచేసేవాడు. వైరస్ పట్టిన మిషన్లు వరసగా వస్తుంటే తమ్ముడు సంజయ్ దానికి విరుగుడు ప్రోగ్రామ్ రాశాడు. 2016లో ఆ కంపెనీ స్టాక్ మార్కెట్‌కి ఎక్కింది. ఫ్లాపీల కాలంలో విండోస్ తనంతట తాను ఏమీ పట్టుకునేది కాదు గనక ఆ డబ్బుకి ఫలితం ఉండేది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి డిఫెండరు లోపలే అమర్చి వస్తోంది. జర్మనీలోని ఏవీ-టెస్ట్ సంస్థ పరీక్షల్లో ఒకప్పుడు అట్టడుగున ఉన్న ఆ డిఫెండరుకే ఇటీవలి సంవత్సరాల్లో రక్షణ విభాగంలో తరచుగా పూర్తి మార్కులు పడుతున్నాయి. వేరే యాంటీవైరస్ వేస్తే అది పక్కకి తప్పుకుంటుంది, దాని గడువు తీరితే మళ్లీ పనిలోకి వస్తుంది. అంటే రెన్యూ చేయకపోతే సిస్టమ్ దిక్కులేనిదైపోతుందని ఎర్ర డబ్బా బెదిరించడంలో సగమే నిజం. పాతదాన్ని పూర్తిగా అన్‌ఇన్‌స్టాల్ చేస్తే ఆ బెదిరింపూ ఉండదు.

షాపులో బయటి రోడ్డు వైపున్న సిస్టమ్ సంగతి వేరు. దాంట్లోకి రోజంతా జనం పెన్‌డ్రైవులు దిగుతుంటాయి. ఆగడాలలంక నుంచి వచ్చిన కుర్రాడు బయోడేటా ప్రింటు కోసం పెన్‌డ్రైవ్ ఇస్తాడు. తెరిస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారి ఉంటాయి, ప్రతిదాని మూలా చిన్న బాణం గుర్తు. నొక్కితే ఫోల్డరు తెరుచుకుంటుంది, దాంతోపాటే వెనకాల వైరసూ నడుస్తుంది. తర్వాత వచ్చిన పెన్‌డ్రైవ్‌లన్నిటికీ అంటుకుంటుంది. ఈ షార్ట్‌కట్ వైరస్ చూడని జిరాక్స్ షాపు గోదావరి జిల్లాల్లో ఉండదేమో. ఫైళ్లు నిజానికి ఎక్కడికీ పోవు, దాచిపెట్టి ఉంటాయంతే. ‘హిడెన్ ఐటమ్స్’ టిక్కు పెడితే కనబడతాయి. కానీ ఆ మాట తెలియని తండ్రి, సర్టిఫికెట్లన్నీ పోయాయని కౌంటరు దగ్గరే కొడుకుని చెడామడా తిట్టేస్తాడు. డబ్బు పెట్టి కొన్నదానికి అర్థం ఉన్నది ఈ ఒక్క సిస్టమ్ మీదనే అని షాపాయన లెక్క.

చిక్కేమిటంటే అదే అన్నిటికంటే పాత మిషను. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ఆపేసింది. ప్రాసెసరు పాతది కావడంతో విండోస్ 11 ఎక్కదు. ఇంట్లో వాడుకునేవాళ్లకి ఇంకో ఏడాది, 2026 అక్టోబరు 13 వరకు, భద్రతా అప్‌డేట్లు తీసుకునే వీలుంది. ఇంటి ల్యాప్‌టాప్‌కి అది సరిపోయింది. షాపు మిషను ఇంటి వాడకం కాదు.

అప్‌డేట్లు ఎంత ముఖ్యమో ఆంధ్ర పోలీసుల అనుభవం చెబుతుంది. 2017 మే 12న వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకినప్పుడు చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖ, శ్రీకాకుళం జిల్లాల్లో పోలీసు కంప్యూటర్లు చిక్కుకున్నాయి. ఫైళ్లకు తాళం వేసి 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమంది. అది దూరిన కంతకు మాటు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే, అంటే రెండు నెలల ముందే విడుదల చేసింది. వేసుకున్న సిస్టమ్‌లలోకి ఆ దారిన అది పాకలేకపోయింది. ఆ మాటు ఉచితం.

ఇంటావిడ ఈలోగా ఇంకో మాట అంది. "చెరువు గట్టు మీద మీ రైతులూ ఇంతే కదండీ. జియోలైటు పోస్తారు, ప్రోబయోటిక్స్ పోస్తారు. బొచ్చె, శీలావతి బాగా ఎదిగితే మందు పనిచేసిందంటారు. పోయకపోతే ఏమయ్యేదో ఎవరికి తెలుసు?" నిజమే. ఆ మాటకొస్తే ఈ షాపుకి వచ్చేవాళ్లలో డబ్బు పోగొట్టుకున్నవాళ్లెవరూ కంప్యూటర్ వైరస్ వల్ల పోగొట్టుకోలేదు. ‘పీఎం కిసాన్’ పేరుతోనో, ట్రాఫిక్ చలానా అనో, పెళ్లి శుభలేఖ అనో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు ఫోన్‌లో వేసుకుని పోగొట్టుకున్నారు. మెసేజీలు చదవడానికి అనుమతి ఇస్తే చాలు, ఓటీపీలు అవతలివాడికి చేరిపోతాయి. షాపు సిస్టమ్‌లో ఎంత ఖరీదైన యాంటీవైరస్ ఉన్నా రైతు జేబులోని ఫోనుకి దాని నీడ పడదు. రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం ఖాతాదారు అజాగ్రత్త వల్ల పోయిన సొమ్ము, బ్యాంకుకి చెప్పేవరకు అతనిదే భారం. చెప్పాక జరిగే నష్టమే బ్యాంకుది. అందుకే కౌంటరు అద్దం మీద సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930 పెద్ద అక్షరాల్లో అంటించాడు. దానికయిన ఖర్చు ఒక కలర్ ప్రింటు.

ఉచిత యాంటీవైరస్ వేసుకుంటే పోలేదా? అదీ చూశాడు. 2024 ఫిబ్రవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అవాస్ట్ అనే యాంటీవైరస్ కంపెనీని కోటీ 65 లక్షల డాలర్లు కట్టమంది. కాపలా కాస్తామని చెప్పి, జనం ఏ సైట్లు చూస్తున్నారో ఆ చిట్టా జంప్‌షాట్ అనే తన సంస్థ ద్వారా అమ్మిందన్నది అభియోగం. ఎలాగూ ఉచితమే కావాలంటే లోపలున్న డిఫెండరు చాలు.

చివరికి మూడింటిలో రెండు డిఫెండరు మీదే నడుస్తున్నాయి. టాలీ ఉన్న సిస్టమ్‌లో బయటి పెన్‌డ్రైవ్ పెట్టడం బంద్. రోడ్డు వైపు సిస్టమ్‌కి ఏలూరులో 650 పెట్టి ఒక్క కీ కొన్నాడు. దాంట్లోంచి టాలీ, బ్యాంకు పనులు, సేవ్ చేసిన పాస్‌వర్డులు తీసేశాడు. అది రేపు పాడైనా పోయేది ఒక పూట బేరమే. 4,600 పెట్టి ఒక టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కొన్నాడు. శనివారం రాత్రి లెక్కలు అందులోకి ఎక్కించి, వైరు పీకి ఇంటికి పట్టుకెళతాడు. తగిలించి ఉంచితే ఫైళ్లకు తాళం వేసే వైరస్ దాన్నీ వదలదు.

ఇంటావిడ కూడింది. 650, 4,600 కలిపి 5,250. "ఆదా అన్నారు, వాళ్లడిగినదానికంటే దాదాపు రెండు వేలు ఎక్కువే అయిందిగా!" ఆయన డిస్కుని అయిదేళ్లకు పంచాడు. ఏడాదికి 920, కీతో కలిపి 1,570. డిస్కు అయిదేళ్లు వస్తుందని రాసిచ్చేదెవరని ఆవిడ. వారంటీ కాగితం చూసి మూడేళ్లకు పంచి మళ్లీ వేశారు, 2,180కి పైచిలుకు వచ్చింది. 3,299తో పోలిస్తే అదీ తక్కువే గనక పుస్తకంలో ఎక్కింది. చేపల పట్టుబడుల సీజన్ అయ్యాక రోడ్డు వైపు సిస్టమ్ మార్చేయాలని మాత్రం ఇద్దరూ ఒప్పుకున్నారు. ఏలూరు షాపతను కొటేషన్ పంపాడు. అందులో ఆఖరి వరస: ఏడాది యాంటీవైరస్ ఉచితం. అది కొట్టేసి, దాని బదులు కీబోర్డు మీద ధర తగ్గించమని తిప్పి పంపారు.