రద్దీ వేరు, పీటముడి వేరు

ఆఫీసుకి లేటైనప్పుడు మనందరి దగ్గరా ఉండే జవాబు ఒక్కటే: "ట్రాఫిక్ జామ్". బళ్ళు మెల్లగా పాకినా జామే, ఇంజను ఆపేసి అరగంట కూర్చున్నా జామే. పేపర్లవాళ్ళయితే "వాహనాల రద్దీ" అని రాస్తారు. (అన్నట్టు, ఈ రద్దీ అనే మాట హిందీవాళ్ళ దగ్గర వాడకండి, వాళ్ళకి అది చిత్తుకాగితం!)

నా గొడవేంటంటే, రద్దీ అంటే జనమో బళ్ళో ఎక్కువగా ఉండటం. పండక్కి రైల్వే స్టేషన్లో ఉండేది రద్దీ. మెల్లగానైనా కదులుతుంది. కూడళ్ళలో మనం ఇరుక్కునేది చాలాసార్లు అది కాదు. గ్రీన్ పడింది కదా అని, అవతల జాగా లేకపోయినా బండిని కూడలి మధ్యలోకి తోసేస్తాం. అడ్డంగా వచ్చేవాళ్ళకి దారి మూసుకుపోతుంది. వాళ్ళ వెనక పేరుకున్న వరస ఇంకో కూడలిని మూస్తుంది. అలా చుట్టు తిరిగి, మన ముందు బండిని ఆపేది కూడా ఆ వరసే అవుతుంది. ఇక ఎవరూ కదలరు.

ఇంగ్లీషులో దీనికి గ్రిడ్‌లాక్ అని వేరే మాటుంది. 1980లో న్యూయార్కులో బస్సులు, సబ్‌వేల సమ్మె జరిగినప్పుడు బాగా వాడుకలోకొచ్చింది. మన సాఫ్ట్‌వేర్ భాషలో అయితే అచ్చంగా డెడ్‌లాక్. ప్రతి ప్రాసెస్సూ ఒక రిసోర్సు పట్టుకుని, పక్కదాని చేతిలో ఉన్నదానికోసం కాచుక్కూర్చుంటుంది. డెడ్‌లాక్‌కి ర్యామ్ పెంచుదామని ఎవరైనా అంటే నవ్వమూ?

తెలుగులో దీనికి పీటముడి అనొచ్చని నాకనిపిస్తుంది. చర్చల్లో పీటముడి పడిందని వింటూనే ఉంటాం కదా. లాగేకొద్దీ బిగుసుకుంటుంది, హారన్ కొట్టి ముందుకు తోసేకొద్దీ బిగుసుకున్నట్టే.

పేరులో ఏముంది అంటారా? రద్దీ అనుకుంటే దానికి మందు ఫ్లైఓవరే. హైదరాబాదులో 2018లో మైండ్‌స్పేస్ ఫ్లైఓవరు, 2020లో దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి వచ్చాయి. అవసరమే, కాదనను. కానీ పీటముడికి మందు వేరు, ఖర్చు కూడా లేదు: గ్రీన్ ఉన్నా సరే, అవతల మన బండికి జాగా కనబడేదాకా గీత దగ్గరే ఆగడం. కొన్ని కూడళ్ళలో పసుపు గళ్ళు గీసేది ఇందుకే. వెనకవాడు హారన్ కొడతాడు... కొట్టనివ్వండి.

రద్దీ అన్నామంటే తప్పు ఊళ్ళో ఉన్న మిగతా బళ్ళన్నిటిదీ. పీటముడి అన్నామంటే అందులో ఒక పోగు మనది కూడా.