మా పెరటి కోళ్ళు – పది వారాల నిర్బంధం

రాయ్‌పూర్ వైపు నుంచి కట్నీకి పోయే కొన్ని రైళ్ళు, బిలాస్‌పూర్ జంక్షనులో ఇంజను దిశ మార్చే పని లేకుండా, నేరుగా ఉస్లాపూర్ చేరుకుంటాయి. ఆ ఉస్లాపూర్‌లోనే, రైలు కూత వినిపించేంత దూరంలో, మేము అద్దెకున్న ఇల్లు ఉన్నది. ఇల్లు చిన్నది, పెరడు పెద్దది. ఒక జామచెట్టు, ఒక వేపచెట్టు, రెండు మునగచెట్లు. వాటి నీడన తొమ్మిది పెట్టలు, ఒక పుంజు. వారపు సంతలో ఒకటొకటిగా కొని తెచ్చిన నాటుకోళ్ళవి. ఇక్కడి వారు పెట్టను కుక్రీ అనీ, పుంజును కుక్రా అనీ అంటారు. మేము మాత్రం గోదావరి జిల్లాల ఆనవాయితీని అనుసరించి ఈకల రంగును బట్టి పేర్లు పెట్టుకున్నాము. నల్లది కాకి, తెల్లది సేతు, మూడు రంగులు కలిసినది పూల, ఎర్రని పుంజు డేగ. పందేల ప్రసక్తి మా ఇంట లేదు. పేర్లు మాత్రమే అరువు తెచ్చుకున్నాము.

తెల్లవారి గూడు తలుపు తీయడం, సాయంకాలం అవి తమంతట తామే వచ్చి ఎక్కిన తరువాత లెక్క చూసి తలుపు వేయడం, ఇంతకు మించి మేము వాటికి చేసిన సేవ లేదు. పగలంతా వాటి రాజ్యం. గుప్పెడు నూకలు చల్లితే చాలును, మిగిలిన భోజనం అవే సంపాదించుకొనేవి.

2025 జనవరి చివరలో రాయ్‌గఢ్‌లోని ప్రభుత్వ కోళ్ళ ఫారంలో బర్డ్‌ఫ్లూ నిర్ధారణ అయినదన్న వార్త వచ్చింది. రాయ్‌గఢ్ మాకు రైలులో రెండు మూడు గంటల ప్రయాణం. వ్యాధి బయటపడిన చోటికి ఒక కిలోమీటరు పరిధిలోని కోళ్ళన్నింటినీ వధించడం, పది కిలోమీటర్ల వరకు నిఘా ఉంచడం మన దేశంలోని నియమం. ఆ పది కిలోమీటర్లకు మేము ఎంతో దూరంలో ఉన్నాము. మాకెవరూ ఏ ఆజ్ఞా ఇవ్వలేదు. కాని ఈ వ్యాధిని మోసుకు వచ్చేవి ముఖ్యంగా నీటిపక్షులు. బిలాస్‌పూర్‌కు సమీపాన ఉన్న కోప్రా జలాశయానికి శీతకాలంలో వలసపక్షులు వస్తాయి. ఆ జలాశయమే 2025 డిసెంబరులో రామ్‌సర్ జాబితాకెక్కింది. చుట్టుపక్కల చెరువులలో కొంగలకు, బాతులకు కొదువ లేదు. మా కోళ్ళు తాగే తొట్టి మీదనే కాకులూ వాలుతాయి. మాకు తెలిసిన పశువైద్యులు విషయం విని, "కోసుకు తినేయండి, లేదా కట్టుదిట్టంగా లోపల ఉంచండి. మధ్యేమార్గం లేదు" అన్నారు. మొదటి మాట మా చిన్నమ్మాయి చెవిన పడకుండా జాగ్రత్త పడ్డాము.

ఫిబ్రవరి 2వ తేదీ ఆదివారం. వెనుక వసారాకు పిచ్చుక కూడా దూరలేని సన్నకన్నుల ఇనుపవల బిగించి, పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు గల గది తయారు చేశాము. పైన రేకుల కప్పు ఉండనే ఉన్నది. మిట్టమధ్యాహ్నం వేళ, పని పూర్తయిన ఉత్సాహంలో, కోళ్ళను తరిమి పట్టుకొని లోపల వేశాము. ఇది మేము చేసిన మొదటి తప్పు. పెరడంతా ఈకలు. పూల వేపచెట్టెక్కింది. డేగ పుంజు మా చేతిని రక్తం వచ్చేలా తన్నింది. లోపల పడిన పెట్టలు వలకు అడ్డంగా ఈ చివరి నుంచి ఆ చివరికి సాయంత్రం వరకు నడుస్తూనే ఉన్నవి. ఒక్క గింజ ముట్టలేదు.

పక్కింటి వృద్ధురాలిని ఈ వీధిలో చిన్నాపెద్దా అందరూ దాయీ అని పిలుస్తారు. ఆమె గోడ మీది నుంచి ఈ వైభవమంతా చూసి, "పగలు పట్టుకుంటే మీరు దొంగలు. చీకటి పడ్డాక పట్టుకుంటే చుట్టాలు" అన్నది. కోడికి మునిమాపు వేళకే చూపు మందగిస్తుంది. దండెం మీద కూర్చున్నదానిని రెండు చేతులతో ఎత్తితే మారు మాటాడదు. వేపచెట్టు మీది పూలను ఆ రాత్రి అట్లే దించాము. ముందు రోజే గదిలో దండెం కట్టి, చీకట్లో ఒక్కొక్కదానిని తెచ్చి కూర్చోబెట్టి ఉంటే, తెల్లవారి అవి ఆ గదిలోనే నిద్ర లేచి ఉండేవి. నడిపగలు తరిమి తెచ్చిన గది వాటికి ఉచ్చు అయి కూర్చున్నది.

తలుపు మూసి గింజలు పెడితే సరిపోతుందని అనుకున్నాము. నాలుగు రోజులు వాటిని గమనించిన మీదట తెలిసినదేమంటే, బయట ఉన్నప్పుడు కోడికి తిండి కన్న పని ఎక్కువ. ఒక గింజ కోసం పదిమార్లు గీరుతుంది. ఒక పురుగు కోసం గోడ పొడవునా పరుగెత్తుతుంది. మధ్యాహ్నం జామచెట్టు కింది గుంటలో మట్టిస్నానం చేస్తుంది. ఒంటి పేలు పోవడానికి దానికి అదే మందు. ఈ పనులన్నీ ఒక్క పూటలో లాగివేసి, ఎదురుగా నిండు పళ్ళెం పెట్టాము. పది నిమిషాలలో భోజనం ముగించి, మిగిలిన పగలంతా ఒకదాని మొగం ఒకటి చూసుకుంటూ నిలబడవలసి వచ్చింది.

అందుచేత పళ్ళెం తీసివేశాము. నేల మీద నాలుగంగుళాల మందాన వరి ఊక పరచి, నూకలూ జొన్నలూ అందులోనే చల్లి కలియబెట్టాము. పెట్టలు గీరడం మొదలుపెట్టిన చప్పుడు వంటింటిలోకి వినిపించినప్పుడు కలిగిన సంతోషం ఇంత అని చెప్పలేము. పాత ఇనుప తొట్టిలో పొడిమట్టి, కట్టెల బూడిద, నాలుగు రెమ్మల ఎండు వేపాకు కలిపి ఒక మూల ఉంచితే, మొదటి రోజు దానిని చూసి పారిపోయినవి, రెండవ రోజు వరుసలో నిలబడ్డవి. తోటకూర కట్టను నేలన వేయక, కాస్త ఎగిరితేనే అందేటట్లు తాడుతో వేలాడదీశాము. గుల్లపిండి ఒక చిప్పలో వేరుగా పెట్టాము. దండేలు రెండు వేర్వేరు ఎత్తులలో కట్టాము. బయట తిరిగిన చెప్పులు లోపలికి పోకుండా వసారాకు విడిగా ఒక జత ఉంచుకొన్నాము. రాత్రి షిఫ్టు నుంచి వచ్చి, నిద్ర కళ్ళతో చెప్పులు మార్చుకొని కోళ్ళకు నీళ్ళు పెట్టడం మా సహోద్యోగులకు కొన్నాళ్ళు వినోదమయింది.

ఈ అవస్థ మా ఒక్కరిదే కాదు. ఇంగ్లండులో 2021 నవంబరులోను, మరుసటి ఏడు నవంబరులోను ఇదే వ్యాధి భయంతో పెంపుడు పక్షులన్నింటినీ లోపలనే ఉంచాలని ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. ఆరుబయట తిరిగే కోళ్ళ గుడ్లని పేరు పెట్టి అమ్మేవారు, నిర్బంధం పదహారు వారాలు దాటగానే 2022 మార్చిలో ఆ పేరు మార్చుకోవలసి వచ్చింది. మా గుడ్లకు పేరు లేదు గనుక ఆ చిక్కు లేదు. గుడ్లే తగ్గిపోయినవి, అది వేరే సంగతి.

మాకు అసలు కష్టం మరొక దిక్కున ఉన్నది. కోళ్ళలో ఎవరు ఎవరిని పొడవవచ్చునో ఒక వరుస ఉంటుందని నార్వే దేశపు శాస్త్రజ్ఞుడు షెల్డెరుప్ ఎబ్బె చిన్ననాడే తన ఇంటి కోళ్ళను చూసి కనిపెట్టాడు. 1921లో ఆ సంగతులు ప్రచురించాడు. పెరటిలో ఆ వరుస మా కంటికి ఎన్నడూ ఆననే లేదు. కారణం సులభం. పెద్ద పెట్ట కన్నెర్ర చేస్తే చిన్న పెట్ట పది గజాలు పరుగెత్తి తప్పించుకుంటుంది, తగవు తీరిపోతుంది. ఆరడుగుల గదిలో పరుగెత్తే చోటేది? వయసులో చిన్నదైన సేతుకు అన్ని పెట్టలూ అత్తలే అయినవి. తోక మొదట నాలుగు ఈకలు ఊడి ఎర్రగా చర్మం కనిపించింది. పసుపు, నూనె కలిపి రాశాము. గోనెపట్టాలు రెండు అడ్డంగా కట్టి దాగే చోటు చేశాము. తిండి, నీళ్ళు రెండు చోట్ల పెట్టాము. ఆ పనులు చేయడంలో మేము వారం రోజులు ఆలస్యం చేశామని ఇక్కడ ఒప్పుకోవాలి. విడిగా గంప కింద ఉంచవలసిన దానిని, రేపు సర్దుకుంటుందిలే అని గుంపులోనే వదిలాము.

ఇంతలో కాకి పొదుగుకు వచ్చింది. మూడవ వారంలో ఒకనాడు గుడ్లబుట్టలోంచి లేవనంటే లేవనన్నది. చేయి పెట్టబోతే ఒళ్ళంతా బంతిలా పొంగించి, గొంతులో గుర్రుమన్నది. కింద గుడ్డయినా లేదు, ఒట్టి ఊక మీద కూర్చున్నది. ప్రొలాక్టిన్ అనే హార్మోను రక్తంలో పెరిగినప్పుడు పెట్ట గుడ్డు పెట్టడం మాని ఇట్లా కూర్చుంటుందని పశువైద్యులు చెప్పారు. పొదుగు మాన్పించాలంటే, కింద గాలి ఆడే వలబుట్టలో మూడు నాలుగు రోజులు ఉంచి పొట్ట చల్లబడేటట్లు చేయడం ఒక పద్ధతి. పల్లెలలో ముక్కుకు ఈక గుచ్చేవారని విన్నాము. దానికి మా మనసు ఒప్పలేదు. నిజానికి ఏ పద్ధతికీ ఒప్పలేదు. తక్కిన ఎనిమిదింటికీ నిర్బంధమైన ఆ గదిలో, ఇది తానుగా ఒక మూల కోరుకొని, తలుపు ఎటున్నదో కూడా చూడకుండా కూర్చున్నది. దానిని లేపే హక్కు మాకు లేదనిపించింది. బయటి నుంచి కోడిని గాని గుడ్డును గాని తేకుండా, మా పెట్టల గుడ్లే పెడితే అభ్యంతరం లేదని పశువైద్యులన్నారు.

ఫిబ్రవరి 22వ తేదీ రాత్రి, వసారా చివర గోనెపట్టా చాటున గంప వేసి, పదకొండు గుడ్లు పెట్టి, చీకట్లో కాకిని ఎత్తి వాటి మీద కూర్చోబెట్టాము. గుంపులో ఉంచితే మిగిలిన పెట్టలు అదే బుట్టలో గుడ్లు పెట్టి, తొక్కి, పగులగొడతాయి. రోజుకు ఒకసారి, పదిహేను నిమిషాలు అది లేచి, నాలుగు గింజలు తిని, నీళ్ళు తాగి, తొట్టిలో ఒకసారి దులుపుకొని తిరిగి పోయేది. ఏడవ రాత్రి టార్చిలైటుకు అట్టముక్క చుట్టి గుడ్లను వెలుతురుకు పట్టి చూశాము. మూడు వట్టివి. ఎనిమిదింటిలో ఎర్రని సాలెగూడు వంటి నరాలు, నడుమ కదిలే చుక్క కనిపించినవి. మా చిన్నమ్మాయి ఆ రాత్రి చాలాసేపు నిద్రపోలేదు.

మార్చి 5వ తేదీ ఉదయం సేతు చచ్చి పడి ఉన్నది.

మరొకప్పుడైతే ఒక కోడి చావు ఒక ఇంటి సంగతి. ఆ రోజులలో కాదు. గోడకు ఆవలి ఒకరు మాతో మాట్లాడడం మానుకున్నారు. ఇంకొకరు మొత్తం కోళ్ళను వదిలించుకోమని గట్టిగానే అన్నారు. వారిని తప్పు పట్టలేము, వారి ఇంటా పసిపిల్లలున్నారు. ఒకవేళ అదే వ్యాధి అయితే పెట్టలతో పాటు కాకి కింది గుడ్లూ పోతాయి. ఆ గుడ్లలో అప్పటికి పదకొండు రోజుల ప్రాణమున్నది. దాచివేయవచ్చును, రాత్రికి రాత్రి పూడ్చివేస్తే అడిగేవారు లేరు. ఆ ఆలోచన మాకు రాలేదని చెప్పబోము. పది నిమిషాలు వసారాలో నిలబడి, తరువాత పశువైద్యులకు ఫోను చేశాము.

ఆయన ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు వేసుకొని వచ్చి సేతును తిప్పి చూశారు. తోక మొదట గాయం లోతుగా కుళ్ళి ఉన్నది. మిగిలిన కోళ్ళ జుట్టు, తమ్మెలు నీలివర్ణానికి తిరగలేదు. తలవాపు లేదు. తిండి మానలేదు. "ఇది జబ్బు కాదు. పొడిచి చంపాయి" అన్నారు. సున్నం వేసి లోతుగా పూడ్పించి, వారం రోజులలో ఇంకొకటి చచ్చినా, ఒకటి మందగించినా వెంటనే తెలుపమన్నారు. ఆయన మాటకు ఊపిరి పీల్చుకోవలసిన మేము తల దించుకున్నాము. జబ్బు వస్తుందని లోపల పెట్టిన కోడిని ఆ లోపలే చంపింది. ఆ గంప వారం ముందు సేతు మీద వేసి ఉంటే బతికేది.

ఆ ఏడు రోజులు తెల్లవారి లేచీ లేవగానే కోళ్ళను లెక్కపెట్టాము. ఎనిమిది పెట్టలు, ఒక పుంజు. దాయీ కూడా ప్రతి ఉదయం గోడ మీదికి వంగి తానూ లెక్కపెట్టి, ఏమీ అనక వెళ్ళిపోయేది. ఎనిమిదవ రోజున ఒక చాటలో నూకలు తెచ్చి మా గట్టు మీద పెట్టింది.

14వ తేదీ హోలీ. వీధిలో డప్పులకు కాకి అదిరి గుడ్ల మీది నుంచి లేస్తుందేమోనని గంప మీద దుప్పటి కప్పి, వంతులు వేసుకొని కాపలా ఉన్నాము. అది రెప్ప కొట్టలేదు. మరునాటికి ఇరవై ఒక రోజులు నిండినవి. మధ్యాహ్నానికి ఏడు పిల్లలు. ఎనిమిదవ గుడ్డు కొద్దిగా చిట్లి ఆగిపోయింది.

ఏప్రిల్‌లో రేకుల కింద వేడి భరించరానిదయింది. కోళ్ళు నోరు తెరచి రెక్కలు విడదీసి నిలబడేవి. రేకుల మీద తడిగోనెలు పరిచాము, పూటకు మూడుసార్లు నీళ్ళు మార్చాము. చివరకు 13వ తేదీ ఆదివారం, పశువైద్యులు సరేనన్న మీదట, తొట్టి మీదికి కాకులు రాకుండా వల కప్పి, సాయంకాలం వసారా తలుపు తెరిచాము. చీకటికి గంట ముందు వదిలితే దూరం పోవని ఈసారి మాకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

పెట్టలు తిన్నగా జామచెట్టు కిందికి పోయినవి. పది వారాలకు ఆ గుంట రాలిన ఆకులతో పూడిపోయింది. పూల నాలుగుసార్లు గీరి దానిని తిరిగి పట్టుకున్నది. కాకి గడప దాటి పెరటిలో నిలబడి పిల్లలను పిలిచింది. ఏడు పిల్లలూ గడప దాకా వచ్చి ఆగిపోయినవి. ఊక లేని నేలను అవి అదే చూడడం. కాకి మరల పిలిచింది, ఒక పురుగును ముక్కున పట్టి చూపింది. ఒక్కటీ కదలలేదు. అది కాసేపు అటూ ఇటూ చూసి, ఆ పురుగును పట్టుకొని లోపలికే వచ్చి, ఊకలో వారి ముందు పడవేసింది.