శవాలూ బడికొస్తాయి

చేవెళ్ళ, మొయినాబాద్ వైపు కాలేజీ బస్సుల్లో తిరిగే పిల్లలకు జపాన్ యానిమే గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. నరుటో, డీమన్ స్లేయర్ వాళ్ళకు మన సినిమాలంత దగ్గర. ఆ పెద్ద పేర్ల పక్కన అంతగా వినపడని సీరీస్ ఒకటుంది, ‘గక్కో గురాషి’. నోరిమిత్సు కైహో కథ రాసి, సదోరు చిబా బొమ్మలు వేసిన మాంగా 2012లో మొదలై 2019 దాకా నడిచింది. లెర్చె స్టూడియో దాన్ని మసావోమి ఆండో దర్శకత్వంలో 12 భాగాల యానిమేగా తీస్తే 2015 జూలై నుంచి సెప్టెంబర్ వరకు జపాన్ టీవీలో వచ్చింది. ముద్దుముద్దు మాటల బడిపిల్లల అల్లరి ఒకవైపు, మనుషుల్ని కొరికి తినే జాంబీలు ఇంకోవైపు. ప్రేక్షకుణ్ణి ఉలిక్కిపడేలా చెయ్యడానికే ఈ రెంటినీ కలిపారని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. ఆ బడిలో చిక్కుకున్న నలుగురు అమ్మాయిలకూ బయట తిరిగే శవాలకూ తేడా ఎక్కడుందో చెప్పడానికి ఆ అల్లరి లేకపోతే కుదరదు. బడి అంటే ఏమిటని మనం వేసుకోవాల్సిన ప్రశ్న కూడా అక్కడే ఉంది.

ముందు, అల్లరి చూపించి ప్రేక్షకుణ్ణి మోసం చేశారన్న ఆరోపణ సంగతి చూద్దాం. మొదటి భాగమంతా యూకీ అనే పిల్ల బడిలో గంతులేస్తూ, తప్పించుకుపోయిన కుక్కపిల్ల వెంట పరుగెడుతూ ఉంటుంది. చివర్లో మికీ అనే జూనియర్ ఆమె కోసం తరగతి గది తలుపు తీస్తుంది. కిటికీల అద్దాలు పగిలిపోయి ఉంటాయి, బల్లలు చెల్లాచెదురుగా పడి ఉంటాయి. లోపల ఇంకో మనిషనేవాడు లేడు. యూకీ ఒక్కతే నిలబడి, లేని స్నేహితురాళ్ళతో నవ్వుతూ కబుర్లు చెబుతుంటుంది. ఇది దొంగదెబ్బ అనేవాళ్ళు ఆ భాగాన్ని మళ్ళీ ఒకసారి చూడాలి. మేగు నే అని పిల్లలు ముద్దుగా పిలుచుకునే టీచరమ్మ మాట్లాడినప్పుడు యూకీ తప్ప మిగతావాళ్ళు సూటిగా బదులివ్వరు. వాళ్ళ మాటలు ఆమె మాటల పక్కనుంచి వెళ్ళిపోతాయి. ఆవిడ అప్పటికే చనిపోయింది. టైటిల్ పాటలోని బొమ్మలు కూడా భాగం మారేకొద్దీ కొంచెం కొంచెంగా మారుతూ, శుభ్రంగా కనిపించిన బడి శిథిలమవుతూ పోతుంది. దాచిన ప్రతి సంగతినీ కళ్ళముందే పెట్టి దాచారు. యూకీ చూడనిదాన్ని మనమూ చూడలేదని తెలిసినప్పుడు ఆ పిల్ల స్థితి మనకు అనుభవానికి వస్తుంది. వర్ణించి చెబితే ఆ అనుభవం కలగదు.

రెండో అభ్యంతరం మన అలంకార శాస్త్రం వైపు నుంచి రావచ్చు, అది బరువైనదే. నాట్యశాస్త్రం హాస్యానికి తెల్లరంగు, భయానకానికి నల్లరంగు ఇచ్చింది. ఈ రెండూ విరోధ రసాలని సాహిత్యదర్పణంలో విశ్వనాథుడు తేల్చాడు. ఒకచోట కలిపితే రెండూ చెడతాయన్నది సూత్రం. మన తెలుగు హారర్ కామెడీల్లో ఆ ప్రమాదం తరచూ కనిపిస్తుంది. ‘ప్రేమకథా చిత్రమ్’ (2013) నుంచి వరసగా వచ్చిన సినిమాల్లో నవ్వు ఎక్కువభాగం దయ్యాన్ని చూసి పరుగెత్తేవాడి అవస్థలోంచి పుడుతుంది. అతను బెదిరేకొద్దీ మనకు బెదురు పోతుంది. 2021 ఫిబ్రవరి 5న విడుదలైన ప్రశాంత్ వర్మ ‘జాంబీ రెడ్డి’ కర్నూలు ఫ్యాక్షన్ గొడవల మధ్యలోకి జాంబీలను దించింది. ఆ ఊహ నిజంగా మెచ్చుకోదగ్గది, మన నేల కథకు మన నేల కత్తులే వాడింది. అయినా అక్కడ కూడా జాంబీ చివరికి నవ్వుకునే వస్తువే. ఈ విరోధాన్ని తప్పించే దారి ధ్వన్యాలోకంలో ఆనందవర్ధనుడు ఎప్పుడో చెప్పాడు. విరోధ రసాలు రెండూ ఒకే పాత్రలో ఉండకుండా వేర్వేరు ఆశ్రయాలలో నిలిపితే దేనికీ లోటు రాదు. గక్కో గురాషి సరిగ్గా అదే చేసింది. హాస్యం యూకీది. భయం ఆమె తోటివాళ్ళది: పార చేతపట్టి కాపలా తిరిగే కురుమిది, వంటా లెక్కా చూసుకునే యూరిది. ఈ సీరీస్‌లో జాంబీని చూసి ఒక్కసారీ నవ్వురాదు. కురుమి ఆ పారతో మొట్టమొదట కొట్టాల్సి వచ్చింది తాను ఇష్టపడ్డ సీనియర్‌నే.

ఇక అసలు విషయానికి వస్తే, నాకు అన్నిటికంటే గొప్పగా తోచిన ఊహ ఒకటి కథలో చాలా నెమ్మదిగా బయటపడుతుంది. ఆ జాంబీలు పొద్దున బడికొస్తాయి, సాయంత్రం చాలావరకు వెళ్ళిపోతాయి. బతికున్నప్పటి అలవాటు కాళ్ళలో మిగిలిపోయింది. అంటే టైంటేబుల్ శవాలకూ వచ్చు. వేళకు రావడం, వరండాలో తిరగడం, వేళకు పోవడం, ఇవన్నీ ప్రాణం లేకుండానే జరిగిపోతాయి. వాటికి రానిది ఆట. ఆ అమ్మాయిలు పెట్టుకున్న ‘స్కూల్ లివింగ్ క్లబ్’ పనులు చూడండి. రాత్రిపూట చీకట్లో లైబ్రరీకి, బడి దుకాణానికి వెళ్ళి కావలసినవి తెచ్చుకోవాలి. ప్రాణాలకు తెగించే పని. దానికి ‘ధైర్య పరీక్ష’ అని పేరు పెట్టుకుని వెళ్తారు. బయట ఇంకెవరైనా బతికున్నారేమో చూడాలి, దానికి ‘విహారయాత్ర’ అంటారు. పేరు మార్చినంతమాత్రాన ప్రమాదం తగ్గదు. కానీ భయంతో బిగుసుకుపోయిన పిల్ల గడప దాటలేదు, ఆట అనుకున్న పిల్ల దాటుతుంది. మేడమీద తోట, సౌర ఫలకాలు, నీటిని శుద్ధి చేసే ఏర్పాటు వాళ్ళ ఒంటిని కాపాడతాయి. ఆ ఒంట్లో మనిషిని నిలబెట్టే పని యూకీ చేస్తుంది.

ఇది ఏ జపాన్ బడికో పరిమితమైన సంగతి కాదని మనకు 2020 చూపించింది. మార్చి నడుమ కరోనాతో తెలంగాణ బడులు మూతపడ్డాయి. సెప్టెంబర్ 1 నుంచి టీశాట్, దూరదర్శన్ యాదగిరి చానెళ్ళలో పాఠాలు మొదలయ్యాయి. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, ఆపై తరగతులకు తలుపులు తెరిచి మార్చిలో మళ్ళీ మూశారు. మిగిలినవాళ్ళలో చాలామందికి నేరుగా బడి అందింది 2021 సెప్టెంబర్‌లోనే. టీవీ పాఠాలు చెప్పినవాళ్ళ శ్రమను తక్కువ చెయ్యను, అది లేకపోతే ఇంకా నష్టపోయేవాళ్ళం. కాకపోతే టైంటేబుల్ తెరమీద చక్కగా నడిచింది, సిలబస్ కదిలింది, బడి మాత్రం లేదు. పక్కమ్మాయి టిఫిన్ డబ్బాలో చెయ్యి పెట్టడం, పీటీ పీరియడ్, టీచర్ వెనక్కి తిరగ్గానే పుట్టే గుసగుస ఏ చానెల్లోనూ రావు. బడులు తెరిచాక చదువు వెనకబడిందని అందరం లెక్కలు చూశాం. ఈ రెండో నష్టానికి లెక్క కట్టలేదు. హాస్టళ్ళలో పొద్దున స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా బిగించేసిన రోజును క్రమశిక్షణ అని పొగిడేటప్పుడు, క్రమం ఒక్కటే చాలదని ఈ కథ గట్టిగా గుర్తుచేస్తుంది.

యూకీది ఆట ఎక్కడ, అది మతిభ్రమ కదా, తోటివాళ్ళు దానికి వంతపాడడం తప్పు కదా అని ఎవరైనా అడగొచ్చు. ఆ మాట కథలోనే మికీ అడిగింది. షాపింగ్ మాల్లో చిక్కుకుని చాలాకాలం బతికి వచ్చిన పిల్ల ఆమె. ఇది ఒకరినొకరు పట్టుకుని మునిగిపోవడమేనని యూరితో అంటే, ఆమెకు కోపం ముంచుకొస్తుంది. ఆ కోపాన్ని బట్టే మికీ మాటలో ఎంత నిజముందో తెలుస్తుంది. నేను మికీ పక్షాన్ని కొట్టిపారెయ్యను. యూకీ చివరిదాకా అలాగే ఉండిపోయుంటే ఈ సీరీస్ ఓడిపోయేది. అలా జరగలేదు. ఆఖరి భాగంలో జాంబీలు లోపలికి దూరి, తోటివాళ్ళు కూలబడిపోయినప్పుడు యూకీ అన్నీ తెలిసే బ్రాడ్‌కాస్ట్ గదిలోకి వెళ్తుంది. బడి అయిపోయింది, ఇక ఇళ్ళకు వెళ్ళండని మైకులో చెబుతుంది. ఆ శవాలు ఒకప్పుడు తన తోటి విద్యార్థులు. అవి నెమ్మదిగా వెనుదిరుగుతాయి. వాటిలో మిగిలిన అలవాటును కదిలించే మాట, బడిని అంతగా ప్రేమించిన పిల్లకే తడుతుంది. ఆ తర్వాత నలుగురూ గ్రాడ్యుయేషన్ వేడుక జరుపుకుని బడి వదిలి బయల్దేరతారు.

ఇలాంటి కథ మన దగ్గర ఎవరైనా రాస్తే బాగుండునని నా ఆశ. దానికి మొయినాబాద్ దారిలోని ఏదో ఒక ఆడపిల్లల హాస్టల్ చాలు. మేడమీద నీళ్ళ ట్యాంకు, మెస్సులో మిగిలిన బియ్యం బస్తాలు, తాళం వేసిన వార్డెన్ గది, చేవెళ్ళ రోడ్డు మీద మర్రిచెట్ల నీడలో ఆగిపోయిన ఆర్టీసీ బస్సు, అన్నీ ఉన్నాయి. రాసేవాళ్ళు జాంబీల గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. నలుగురు అమ్మాయిలు లైట్లు ఆపేశాక ఏం మాట్లాడుకుంటారో, దేనికి పడీపడీ నవ్వుతారో బాగా తెలిసుండాలి. చేవెళ్ళ హాస్టల్లో ఉండి చదువుకున్న అమ్మాయే పెద్దయ్యాక రాస్తే ఇంకా మంచిది.