ముందు నీటి దారి

అరకులో గిరిజన మ్యూజియం చూసి బయటికి వచ్చిన పిల్లలు తిన్నగా పక్కనున్న చెరువు వైపే పరిగెడతారు. 1996లో ఏర్పాటైన ఆ మ్యూజియంలో మన్యం జీవితమంతా బొమ్మలుగా కొలువుదీరింది. కానీ పిల్లలకు నీళ్లు కావాలి, పడవ కావాలి. కాస్త దూరంలోనే పద్మాపురం తోట ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, సైనికుల కోసం కూరగాయలు పండించిన నేల అది. నేడు అక్కడ గులాబీలు, చెట్లమీద గుడిసెలు, చిట్టి రైలు. ఈ లోయలో పార్కు అంటే ఊరి జనం, పట్నం జనం ఒకే నీడన కూర్చునే చోటు.

అలాంటి చోట ఆ చెరువు ఆవరణను అధికారులు బాగుచేస్తామంటే సంతోషమే. దాని వెంటే ఒక బెంగ కూడా. మన పార్కుల్లో బాగుచేయడమంటే చాలాసార్లు రెయిలింగులు, రంగు దీపాలు, ఫౌంటెన్, ఫొటోలు దిగే బోర్డు. చెరువులోకి నీరు ఎక్కడి నుంచి వస్తోందో, ఎటు పోతోందో అడిగేవారు తక్కువ.

అరకు సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల పైన ఉన్న లోయ. చుట్టూ కొండలే. వాన ఎక్కడ పడినా వాలు పట్టుకుని గెడ్డల్లోకి, అంటే కొండవాగుల్లోకి, దిగుతుంది. చెట్ల నీడన కాఫీ పెంచే వాలు మీద రాలిన ఆకు నేలను కప్పి ఉంచుతుంది కాబట్టి అక్కడి నీరు తేటగా దిగుతుంది. చెట్టు పోయి బోడిబారిన వాలు నుంచి ఎర్రమట్టి కలిసిన నీరు వస్తుంది. ఆ మట్టే ఏటా చెరువులో పూడికగా పేరుకుంటుంది. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపానుకు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు పెద్ద ఎత్తున కూలిపోయాయి. కాఫీకి నీడ పోవడం అందరికీ కనిపించింది. వాలుకు పట్టు పోవడం గురించి అంతగా మాట్లాడుకోలేదు. అందుకే నా దృష్టిలో చెరువు పని గట్టు దగ్గర కాదు, కొండవాలు మీద మొదలవ్వాలి. చెరువుకు నీరు తెచ్చే గెడ్డ వెంట పనస, నేరేడు, కానుగ నాటాలి. నీరు చెరువులోకి దిగేముందు మట్టి నిలిచిపోయేలా చిన్న గుంట తవ్వాలి. అందులో చేరిన మట్టిని ఏటా వేసవిలో ఎత్తిపోయడం తేలిక.

పూడిక తీయడంలోనూ తొందర పనికిరాదు. అడుగున బంకమట్టి పొర ఉంటే దాన్ని పొక్లెయిన్‌తో చీల్చేస్తే నీరు ఇంకిపోతుంది. తీసిన మట్టిని పక్కనే కుప్పపోస్తే మొదటి వానకే మళ్లీ లోపలికి వస్తుంది. దాన్ని తోటకు, పొలాలకు తోలాలి. తెలంగాణలో 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ ఆ పనే పెద్ద ఎత్తున చేసింది.

గట్టు విషయంలో నాది మొండి పట్టుదల. నిట్టనిలువు సిమెంటు గోడ వద్దు. అందులో పడిన పిల్లాడికి పట్టు దొరకదు, కప్ప కూడా ఎక్కిరాలేదు. ఏటవాలు గట్టు, దానిమీద పేర్చిన రాయి, రాళ్ల సందుల్లో గడ్డి చాలు. అయితే ఆ గడ్డిని పట్టించుకోకుండా వదిలేయకూడదు. మలేరియా దోమ మురికిగుంటలోనే పుడుతుందనుకుంటాం. కొండల్లో ఆ జ్వరాన్ని మోసే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ దోమ మాత్రం తేటనీటిలో, మెల్లగా పారే చోట, గడ్డి అంచున గుడ్లు పెడుతుంది. అందుకని అంచు కోసేవాళ్లు ఏడాది పొడవునా ఉండాలి. ఆ జీతం అంచనాలోనే రాసిపెట్టాలి. ప్రారంభోత్సవం తర్వాత చాలా పార్కులు పాడయ్యేది ఈ ఒక్క పద్దు లేకనే.

కూర్చునే చోట్ల గురించి కూడా ఒక మాట. కార్తీకంలో వనభోజనాలకు వచ్చేవారికీ, వలిసె పూలు చూడవచ్చేవారికీ బల్లలు వేస్తాం, మంచిదే. సంతకు గంప మోసుకొచ్చి, తిరిగి కొండెక్కే ముందు కాసేపు ఆగే ఆడవాళ్లకు కూడా అక్కడ నీడ, తాగునీరు, మరుగుదొడ్డి ఉండాలి. వాళ్లు టికెట్టు కొనకుండా వచ్చి కూర్చోగలగాలి.

ఈ పని చేపట్టే అధికారులకు, ఇంజనీర్లకు నా విన్నపం ఒక్కటే. బొమ్మ గీయకముందే, ఎండలు ముదరకముందే, చెరువుకు నీరు తెచ్చే ఆ గెడ్డ పుట్టిన చోటు దాకా ఒకసారి నడవండి. దారిలోని ఊళ్ల పెద్దలను వెంటపెట్టుకుని వెళ్లండి. ఏ ఊట ఏ నెలలో ఎండుతుందో వాళ్లకు తెలుసు.